ముందు వోల్టేజీ, తర్వాతే వేగం

సికింద్రాబాద్

చిరంజీవి అనిరుధ్‌కు బాబాయి ఆశీస్సులు.

నువ్వడిగింది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నీ రైజెన్ 5 5600ను 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.7కు ఎక్కించాలని ఉందన్నావు. అన్నయ్య వద్దంటున్నాడట. నేను వద్దనను. ప్రాసెసర్ ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే దాని సెట్టింగులు మన చేత్తో మార్చి, ఏమవుతుందో చూడటాన్ని మించిన చదువు లేదు. కానీ ఎవరో వీడియోలో చూపించిన అంకెలు తెచ్చి బయోస్‌లో కొట్టేసి రీస్టార్ట్ నొక్కడం మాత్రం చెయ్యకు. వాళ్ల చిప్ వేరు, నీ చిప్ వేరు. ఒకే వేఫర్‌లోంచి కోసిన రెండు చిప్‌లు కూడా ఒకే వోల్టేజీ దగ్గర ఒకే వేగం అందుకోవు.

లెక్క సులువే. బోర్డు ఇచ్చే బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్. దాన్ని మల్టిప్లయర్ 44తో హెచ్చవేస్తే 4.4 గిగాహెర్ట్జ్. మార్చదగింది ఆ మల్టిప్లయర్ ఒక్కటే. బేస్ క్లాక్ జోలికి పోవద్దు. చాలా బోర్డుల్లో అది కదిలితే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా కదులుతుంది, దాని మీద నడిచే ఎస్‌ఎస్‌డీలో ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. నీ చిప్‌కు మల్టిప్లయర్ తాళం లేదు, నీది బీ550 బోర్డు కాబట్టి బయోస్ కూడా అడ్డు చెప్పదు. ఏ520 అయితే ఈ ఉత్తరమే అక్కర్లేకపోయేది. నీ రూమ్మేట్ ఐ5 12400ఎఫ్ సంగతి అడిగావు కదా, అది తాళం వేసిన చిప్. ఇంటెల్‌లో అయితే పేరు చివర కె ఉండాలి, బోర్డు జడ్ రకంది కావాలి. అతన్ని ఆశపెట్టకు.

మీ కుర్రాళ్లకు ఈ పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక చవక చిప్ తెచ్చింది. 66 మెగాహెర్ట్జ్ బస్సు (అప్పటి బేస్ క్లాక్ అనుకో), 4.5 మల్టిప్లయర్, మొత్తం 300. బస్సును 100కు మారిస్తే అదే చిప్ 450 దగ్గర నిక్షేపంగా నడిచేది. అంటే సగానికి సగం వేగం ఊరికే వచ్చేది. ఆ కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ రోజుల్లో కంపెనీ చిప్‌లో చాలా మిగిల్చి అమ్మేది. ఇప్పుడు మిగిల్చేది దాదాపు ఏమీ లేదు. నీ 5600 తన వేడినీ, తాగుతున్న కరెంటునీ క్షణంలో ఎన్నోసార్లు చూసుకుంటూ, వీలున్నంత వేగం తనంతట తానే అందుకుంటుంది. నువ్వు అన్ని కోర్లనూ ఒకే మల్టిప్లయర్‌కు కట్టేస్తే ఆ బూస్ట్ తెలివితేటలన్నీ ఆగిపోతాయి. ఎన్‌కోడింగ్‌లో కొంచెం లాభం కనబడవచ్చు, ఆటల్లో ఒక్కోసారి ముందుకన్నా వెనకబడతావు కూడా. అందుకని నీకు చెప్పబోయే దారి వేరు.

అంతకన్నా ముందు వోల్టేజీ గురించి బాగా తెలుసుకో. చిప్‌ను చంపేది ఎక్కువగా వోల్టేజీ, దాంతో వచ్చే వేడీను. వేగం మరీ ఎక్కువ పెడితే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. వోల్టేజీ మరీ ఎక్కువ పెడితే ఆ రోజుకు ఏమీ కాదు, బాగానే నడుస్తుంది, కొన్ని నెలల తర్వాత అదే సెట్టింగు దగ్గర తడబడటం మొదలుపెడుతుంది. లోపలి సన్నటి లోహపు దారుల్లో కరెంటు తోపుడుకు అణువులు మెల్లగా చోటు మారిపోతాయి, ట్రాన్సిస్టర్లు అరిగిపోతాయి. అదంతా వెనక్కి తేలేని నష్టం. పైగా చిప్ తాగే పవర్ వేగంతో పాటు వరసగా పెరిగితే, వోల్టేజీతో మాత్రం దాని వర్గంగా పెరుగుతుంది. 1.2 వోల్టుల దగ్గర నడిచేదాన్ని 1.3కు పెంచావనుకో, వేగం ఒక్క మెగాహెర్ట్జ్ పెరగకుండానే వేడి సుమారు 17 శాతం పెరుగుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లందరూ తికమకపడే చోటు ఒకటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాధనం తెరిచి చూస్తే ఏమీ మార్చని రైజెన్‌లో కూడా అప్పుడప్పుడు 1.4 వోల్టులకు పైన కనబడుతుంది. కొందరు హడలిపోతారు. కొందరు 'కంపెనీయే 1.4 ఇస్తోంది, నేనూ పెట్టేస్తా' అని బయోస్‌లో అదే అంకె స్థిరంగా పెట్టేస్తారు. రెండో పని చాలా చేటు. చిప్ తనంతట తాను 1.4 తీసుకునేది ఒకటో రెండో కోర్లు చిన్న పని మీద ఉన్నప్పుడు, కరెంటు తక్కువగా పారుతున్నప్పుడు. ఆరు కోర్లూ పూర్తి భారంలోకి రాగానే తానే వోల్టేజీ దించుకుంటుంది. నువ్వు స్థిరంగా పెట్టిన 1.4 దిగదు. నిండు భారంలో నిండు కరెంటుతో అదే వోల్టేజీ పడుతుంది. చూడాల్సిన అంకె కూడా సరిగ్గా ఎంచుకో. నీ చిప్ తరం రైజెన్‌లలో 'ఎస్‌వీఐ2 టీఎఫ్‌ఎన్' అని రాసి ఉన్న కోర్ వోల్టేజీని నమ్ము, బోర్డు సెన్సర్లు చూపే మిగతావి అంత నమ్మదగ్గవి కావు.

వోల్టేజీ అంటే నేనింత పట్టు పట్టడానికి 2024లో జరిగింది కూడా కారణమే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని, ఎవరూ ఏమీ మార్చకపోయినా, ఆటలు ఆడుతుండగా కూలిపోవడం మొదలైంది. ఉండాల్సినదానికన్నా ఎక్కువ వోల్టేజీ వెళుతోందని చివరకు కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టు నుంచి మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే పాడైన చిప్‌లను ఆ సవరణలేవీ బాగుచేయలేకపోయాయి.

సరే, ఇక నువ్వు చేయాల్సింది. మొదట ఏమీ మార్చకుండా సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల పరీక్ష నడిపి స్కోరు, గరిష్ఠ ఉష్ణోగ్రత, వేగం, వోల్టేజీ నోట్‌బుక్‌లో రాసుకో. నీ చిప్‌కు ఏఎండీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు. చిప్‌తో వచ్చిన చిన్న కూలరే ఇంకా వాడుతున్నావు కాబట్టి అది 80 దాటి కూర్చుంటే ఆశ్చర్యపోను. అలా ఉంటే ముందు కొనాల్సింది మంచి టవర్ కూలర్.

పాత కూలర్ తీసేటప్పుడు నువ్వెలా చేస్తావో అని నాకు బెంగ. మా షాపుకు వంకరపోయిన పిన్నులతో వచ్చే ప్రాసెసర్లలో ఎక్కువ భాగం ఇలా పాడైనవే. ఏఎం4లో పిన్నులు బోర్డుకు కాదు, చిప్‌కు ఉంటాయి, మొత్తం 1331. చల్లారి గట్టిపడిన పేస్ట్ కూలర్‌ను చిప్‌కు అంటించేసి ఉంటుంది. నువ్వు కూలర్ పట్టి నిట్టనిలువుగా లాగావంటే లివర్ వేసే ఉన్నా సాకెట్‌లోంచి ప్రాసెసర్ ఊడి కూలర్‌తో పాటు పైకొచ్చేస్తుంది. అందుకని విప్పే ముందు సినీబెంచ్ కాసేపు నడిపి పేస్ట్‌ను వేడెక్కనివ్వు. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, స్క్రూలు వదులుచేసి, కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పు. జిగురు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తు. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత మధ్యలో పెడితే చాలు.

తర్వాత ర్యామ్ చూడు. 3200 ర్యామ్ కొని, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ పెట్టకుండా 2400 దగ్గరో 2666 దగ్గరో ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లు ఎంతమందో. ఆ ఒక్క సెట్టింగుతో ప్రాసెసర్ లోపలి అనుసంధానం కూడా వేగం పుంజుకుంటుంది. నీ క్యాబినెట్‌లో ఒకటే స్టిక్ ఉంటే రెండోది వెయ్యి. ఆటల్లో దానివల్ల వచ్చే తేడా నువ్వు ప్రాసెసర్‌తో ఎంత కుస్తీ పట్టినా రాదు. ఎక్స్‌ఎంపీ పెట్టాక ఒక రాత్రి మెమ్‌టెస్ట్86 నడిపించు. ఒక్క తప్పు కనబడినా ఆ వేగం ఒప్పుకోకు.

ఇప్పుడు అసలు పని. బయోస్‌లో పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) తెరిచి అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లు. నీ చిప్ డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, సాకెట్‌లోంచి తీసుకోనిచ్చే పరిమితి 76 వాట్లు. దాన్ని ఇప్పుడప్పుడే పెంచకు. స్కేలర్‌ను ముట్టుకోకు, అది ఎక్కువ వోల్టేజీని ఎక్కువసేపు నిలబెట్టే మీట. థర్మల్ లిమిట్ 85కు దించు, నువ్వు పక్కన లేకపోయినా అది కాపలా కాస్తుంది. ఆ తర్వాత కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగటివ్ 10 పెట్టు. ఒక్కో మెట్టుకు మూడు నుంచి అయిదు మిల్లీవోల్టులు తగ్గుతుంది.

వేగం కావాలంటే వోల్టేజీ తగ్గించమంటాడేంటని నీకు అనిపిస్తుంది. చిప్ ఆ 76 వాట్ల లోపలే ఆడుకోవాలి కదా. అదే వేగానికి తక్కువ వోల్టేజీ సరిపోతే వాట్లు మిగులుతాయి, వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన దాంతో చిప్ తానే ఇంకొంచెం పైకి వెళుతుంది. వేడి పెరగకుండా వేగం వచ్చే దారి ఇదొక్కటే, నీలాంటి మొదటిసారి వాడికి నేను చెప్పేదీ ఇదే. దీంతో కుదుటపడ్డాక గరిష్ఠ బూస్ట్‌ను 50 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి చూడొచ్చు, బయోస్ 200 దాకా ఒప్పుకుంటుంది. నీ 4.7 ఈ దారిలో రాదు. వచ్చిన చోట ఆగు.

కర్వ్ ఆప్టిమైజర్ విషయంలో జాగ్రత్తగా విను. మామూలుగా అందరూ ప్రైమ్95 లాంటి బరువైన పరీక్ష గంటలు నడిపి 'స్టేబుల్' అని చంకలు గుద్దుకుంటారు. ఇక్కడ ఆ పరీక్ష సరిపోదు. అన్ని కోర్లూ భారంలో ఉన్నప్పుడు వేగం తక్కువగా ఉంటుంది, వోల్టేజీ కొరత బయటపడదు. ఒకే కోర్ ఉన్నట్టుండి గరిష్ఠ బూస్ట్‌కు దూకినప్పుడు బయటపడుతుంది. అంటే బ్రౌజర్ తెరిచినప్పుడో, ఖాళీగా వదిలేసి టిఫిన్‌కు వెళ్లినప్పుడో సిస్టమ్ దానంతట అది రీస్టార్ట్ అవుతుంది. దానికి కోర్‌సైక్లర్ అనే ఉచిత సాధనం ఉంది, ఒక్కో కోర్‌నూ విడివిడిగా పరీక్షిస్తుంది. రాత్రి పెట్టి పడుకో. కారణం లేకుండా రీస్టార్ట్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్' పేరుతో 18వ నంబరు నమోదు ఉందేమో చూడు. అందులోని ఏపీఐసీ ఐడీని బట్టి తప్పు చేసిన కోర్ ఏదో పట్టుకోవచ్చు. ఆ కోర్‌కు మాత్రం నెగటివ్ తగ్గించు. చాలాసార్లు అది నీ చిప్‌లో అన్నిటికన్నా వేగమైన కోరే అయి ఉంటుంది. కంపెనీయే దాన్ని అంచు దాకా నడుపుతోంది మరి.

ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చిన ప్రతిసారీ రాసుకో. ర్యామ్, కర్వ్, బూస్ట్ మూడూ ఒకే రాత్రి మారిస్తే తెల్లారి కూలిపోయినప్పుడు దేన్ని అనుమానించాలో నీకే తెలియదు.

పరీక్ష ఎప్పుడు చేయాలో కూడా చెబుతాను. మీ వరంగల్ హాస్టల్ గదిలో డిసెంబర్ రాత్రి నిలబడిన సెట్టింగు మే నెల మధ్యాహ్నం నిలబడాలని లేదు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలూ ఎక్కుతుంది. చలికాలంలో చేస్తే పదిహేను డిగ్రీలు ఖాళీ వదులు. హాస్టల్లో కరెంటు పోతుంటుంది కాబట్టి యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ మాత్రం చేయకు. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరు లేని ఎస్‌ఎంపీఎస్ అయితే ఈ పనులన్నీ వాయిదా వేసి ముందు దాన్ని మార్చు.

ఏదో ఒకరోజు తెర నల్లగా ఉండిపోతుంది. కంగారు పడకు. రెండు మూడుసార్లు లేవలేకపోతే చాలా బోర్డులు తామే పాత సెట్టింగులకు వెళ్లిపోతాయి. వెళ్లకపోతే ప్లగ్గు పీకు. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ దగ్గర్లో క్లియర్ సీమాస్ అనో, జేబ్యాట్ అనో రాసి ఉన్న రెండు పిన్నులు వెతుకు. స్క్రూడ్రైవర్ కొనతో రెండిటినీ కలిపి పది సెకన్లు పట్టుకుంటే బయోస్ మొదటికొస్తుంది. ఆ పిన్నులు ఎక్కడున్నాయో ఈరోజే చూసిపెట్టుకో.

వారంటీ సంగతి దాచను. పీబీఓ ఏఎండీ ఇచ్చిన సదుపాయమే అయినా, దానివల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదని వాళ్ల షరతుల్లోనే ఉంది. డబ్బు పెట్టింది అన్నయ్య కాబట్టి ఈ మాట మొదలుపెట్టకముందే ఆయనకు చెప్పు.

ప్రాజెక్టు ఫోల్డర్‌ను ఈ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. ఏమీ మార్చకముందు తీసిన ఆ నాలుగు అంకెలూ ఫొటో తీసి నాకు పంపు. అవి నేను చూసి సరే అన్నాకే బయోస్‌లో మొదటి అంకె ముట్టుకో.

ఇట్లు,
మీ బాబాయి