తాబేలు తొట్టి, కరెంటు తీగ

మాధవీ,

పుట్టినరోజుకి మీవాడు పట్టుబట్టి తాబేలు కొనిపించుకున్నాడని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటో చూశాను. చెవి దగ్గర ఎర్ర చార ఉంది కాబట్టి రెడ్ ఇయర్డ్ స్లైడర్. మిసిసిపీ నది వైపు జాతి. మన చెరువుల్లో దొరికేదాన్నయితే ఇంట్లో పెంచడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అది సరేగానీ, ఆ ఫొటోలో తొట్టి కింద నేలమీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పడి ఉంది చూడు, అక్కడే నా ప్రాణం గిలగిల్లాడింది. కరెంటు డిపార్ట్‌మెంటులో తల పండినవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది మరి.

ఫిల్టరు, హీటరు, లైటు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. తాబేలు ఊరికే ఉండదు, నీళ్లు చిమ్ముతుంది. ఈరోజే ఆ బాక్సు తీసి, తొట్టికి ఓ పక్కగా గోడకి ఎత్తులో బిగించండి. తీగ తొట్టిలోంచి తిన్నగా ప్లగ్గులోకి పోకూడదు. ప్లగ్గు కంటే కిందికి ఓ జానెడు వంపు వేలాడి, అక్కణ్ణుంచి పైకెక్కాలి. తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు అడుగున నేలమీద రాలుతుంది. వంపు లేకపోతే సరాసరి ప్లగ్గులోకే దిగుతుంది. ఇంకొకటి, మీ మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా? ఎంసీబీ ఉందిగా అంటావేమో. అది తీగలు కాలకుండా చూస్తుందంతే. నీళ్లలో చెయ్యి పెట్టినవాడికి షాక్ కొడితే చటుక్కున లైను తెంచేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీయే. దానిమీద టి అని చిన్న బొత్తం ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. పడిపోతే బాగున్నట్టు.

హీటరు గాజుదైతే దానికి తొడుగు వెయ్యండి. తాబేలు డిప్పతో గుద్దితే పగులుతుంది. నీళ్లు మార్చేముందు ప్లగ్గు పీకి, హీటరు చల్లారేదాకా ఆగాలి. నీళ్లు దిగిపోయాక కూడా వెలుగుతూనే ఉంటే గాజు చిట్లుతుంది. అసలు మీ హైదరాబాదులో డిసెంబరు, జనవరి దాటితే హీటరుతో పెద్దగా పనుండదు. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలుంటే చాలు. ఎండాకాలం వస్తే కథ తిరగబడుతుంది. పడమటి కిటికీ పక్కన తొట్టి పెట్టారా, మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోతాయి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో తాబేలుకి ఒరిగేదీ లేదు, డిప్ప గట్టిపడాలంటే కావలసిన యూవీబీ కిరణాల్ని గాజు ఆపేస్తుంది. అందుకే యూవీబీ దీపం విడిగా కొనాలి, తొట్టిమీద అద్దం మూత కాకుండా జాలీ వెయ్యాలి. ఎక్కి కూచునే గట్టు మీద వేడికి పెట్టే బల్బుని ఉత్త క్లిప్పుతో వదిలెయ్యకండి. పింగాణీ హోల్డరు పెట్టి, ఓ గొలుసుతో కూడా కట్టండి. క్లిప్పు జారితే ఆ బల్బు పడేది నీళ్లలోనో కర్టెన్ మీదో.

ఆ గట్టుకీ అద్దానికీ మధ్య సందు ఉంటే పూడ్చండి. తాబేలు పీల్చేది ఊపిరితిత్తులతోనే. సందులో ఇరుక్కుని పైకి రాలేకపోతే నీళ్లలోనే చచ్చిపోతుంది. దాని తలకంటే చిన్న గులకరాళ్లు అసలు వద్దు, మింగేస్తుంది.

ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోతోంది కదా, ఆడదైతే దగ్గర దగ్గర అడుగు పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే మీవాడి పెళ్లిలో కూడా ఉంటుంది. అంచేత రేపో ఎల్లుండో తొట్టి మార్చక తప్పదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదాన్ని నింపితే నీళ్లే 190 కిలోలు. టీవీ స్టాండు ఆ బరువు మొయ్యదు. ఇనప స్టాండు చేయించి, రసమట్టం పెట్టి చూసి, పైన థర్మకోల్ షీటు పరిచి అప్పుడు తొట్టి ఎక్కించండి. ఓ మూల రవ్వంత ఎత్తైనా కొన్నాళ్లకి అద్దం అక్కడే చీలుతుంది.

నీళ్లు పైపుతో లాగేటప్పుడు మీ ఆయన నోటితో పీల్చడం మొదలుపెడతాడు, నాకు తెలుసు. వద్దని చెప్పు. తాబేళ్ల ఒంటిమీదా నీళ్లలోనూ సాల్మొనెల్లా ఉంటుంది. చిన్నపిల్లలకి అది అంటుకుంటోందనే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం ఆపించారు. మీ చంటిదింకా పాకుతోంది, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు. తొట్టి సామాను వంటింటి సింకులో కడగొద్దు. పెద్దాడు తాబేలుని ముట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. ముద్దులు పెట్టడాలు బంద్.

మోజు తీరాక చెరువులో వదిలేద్దామని మాత్రం అనుకోకండి. అది మన తాబేళ్ల తిండీ చోటూ ఆక్రమిస్తుంది. అంత అవసరమే వస్తే నాకు చెప్పండి, చూసుకునేవాళ్లని నేను వెతుకుతాను.

మెయిన్ బోర్డు మూత తెరిచి ఓ ఫొటో పంపు. ఆర్‌సీసీబీ లేకపోతే పండక్కి వచ్చేటప్పుడు నేనే తెచ్చి బిగిస్తాను. అందాకా తొట్టిలో చెయ్యి పెట్టేముందు అన్ని ప్లగ్గులూ పీకండి.

పెదనాన్న