అల్మారాకు తాళం వెయ్యకు తల్లీ

చి. మాధవికి,

నీ ఉత్తరం అందింది. కొత్త ఉద్యోగం, పుణెలో కొత్త ఇల్లు, అన్నీ చదివి సంతోషించాం. మీ పెద్దమ్మ ఆ పేరాలు రెండోసారి కూడా చదివించుకుని వింది. చివర రాసిన నాలుగు మాటలు మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఇచ్చిన పుస్తకాలు తిరిగి రాలేదని అల్మారాకు తాళం వేశానన్నావు. నువ్వు ప్రాణంగా చూసుకునే సినిమా చూపిస్తే స్నేహితురాలు అరగంటకే విసుగొస్తోందని లేచిపోయిందట, ఇకమీదట చదివినా చూసినా ఒక్కదాన్నేనన్నావు. మరీ అడిగినవాళ్లకి పీడీఎఫ్ పంపేస్తాను, నా పుస్తకం నా దగ్గరే ఉంటుంది అని కూడా రాశావు. నీ మనసు ఎంత నొచ్చుకుంటే ఆ మాటలు రాశావో నాకు తెలుసు. కానీ నువ్వు తీసుకున్న నిర్ణయం సరైనది కాదనే నా నమ్మకం. ఎందుకో కొంచెం విడమరిచి రాస్తాను, ఓపిగ్గా చదువు.

చదవడం ఒంటరిగా చేసే పనే కదా, పంచుకోకపోతే పోయిందేముంది అని నువ్వు అడగొచ్చు. కంటికీ కాగితానికీ మధ్య జరిగేంతవరకు అది ఒంటరి పనే, ఒప్పుకుంటాను. కానీ మన భాషలో చదువరి అనేవాడు ఎలా తయారయ్యాడో చూడు. కన్యాశుల్కం నాటకం విజయనగరంలో 1892లో ఆడారు, అది పుస్తకంగా వచ్చింది 1897లో. అంటే చదివినవాళ్లకంటే ముందు దాన్ని పదిమంది మధ్య కూర్చుని విన్నవాళ్లు, నవ్వినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత పాతికేళ్లలో ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం వచ్చింది. 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమం కోసం జీవితమంతా ధారపోశారు. చీరాల దగ్గర నేతపనివాళ్ల ఊరు వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పుట్టింది, దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పెదపాలెం గ్రంథాలయం వాళ్లు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంబడి ఊళ్లకి పంపారు. అక్షరం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న పల్లెల్లో ఆ గ్రంథాలయాలు పెట్టి ఏం చేశారంటావు? చదువొచ్చిన ఒకడు పత్రిక పైకి చదివితే రానివాళ్లు చుట్టూ కూర్చుని విన్నారు. విన్నవాళ్లలో కొందరు, తర్వాత వాళ్ల పిల్లలు, చదువుకున్నారు. ఈ రోజు నువ్వు గదిలో దీపం పెట్టుకుని ఒక్కదానివే చదువుకోగలుగుతున్నావంటే, వెనకెప్పుడో కొందరు తమ పుస్తకాన్ని తమ దగ్గరే ఉంచుకోకపోవడం వల్లే.

తెలంగాణలో ఈ పని ఇంకా కష్టమైంది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిననాటికి సర్కారు భాష వేరు, బడి భాష వేరు. నలుగురు కలిసి సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావాల్సిన రోజులు తర్వాత వచ్చాయి. అలాంటి చోట గ్రంథాలయమే తెలుగు మాట్లాడేవాళ్లకి కూడలి అయింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదనకు దిగకుండా 1934లో 354 మంది కవుల రచనలు ఒకచోట చేర్చి గోలకొండ కవుల సంచిక తీసుకొచ్చారు. ఆ కవుల్లో ఎంతమంది పద్యాలు ఎవరి పెట్టెల అడుగునో, ఎవరి నాలుక మీదో ఉండి ఉంటాయో ఆలోచించు. దాచుకున్నవాళ్లు దాచుకునే ఉంటే ఆ నింద నిజమై నిలిచిపోయేది. మన కాలానికి వస్తే, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని ఆయన కోరిక. ఎక్కడెక్కడివాళ్లో తమ ఇళ్లలోని పాత పత్రికలు తెచ్చి ఇచ్చారు. కథకుడిగా ఆయన ఎంత పెద్దవాడో నీకు తెలుసు. ఇతరుల కథల కోసం వయసు మీరాక ఆయన పడ్డ శ్రమ నాకు ఆయన కథలంత గొప్పగానే కనిపిస్తుంది.

ఇక ఆ పీడీఎఫ్ మాట. అమ్మడూ, నీ ఉత్తరంలో నన్ను నిజంగా బాధపెట్టింది ఇదే. ఒక్క నొక్కుతో పంపేస్తే ఎవరికీ నష్టం లేదని నువ్వు అనుకుంటున్నావు. తెలుగులో చాలా పుస్తకాలు ఎలా వస్తున్నాయో తెలుసా? రచయితే చేతి డబ్బు పెట్టి అచ్చువేయించుకుంటాడు, సంచిలో మోసుకెళ్లి కొట్లలో ఇస్తాడు, అమ్మినవాటి డబ్బు కోసం నెలల తరబడి చూస్తాడు. వెయ్యి కాపీలు వేయాలంటే ప్రచురణకర్త పదిసార్లు ఆలోచించే భాష మనది. అలాంటి పుస్తకాన్ని ఎవరో స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడితే, ఒక్క సాయంత్రంలో అది ఎన్ని ఫోన్లలోకి చేరుతుందో లెక్కే ఉండదు. ఆ ఫోన్లలో దాన్ని తెరిచేవాళ్లు కొద్దిమంది, చివరిదాకా చదివేవాళ్లు ఇంకా కొద్దిమంది. కొనాలనుకున్నవాడు మాత్రం ఎలాగూ నా దగ్గరుంది కదా అని కొనడం మానేస్తాడు. చదువరికి ఒరిగిందేమీ లేదు, రచయితకి మాత్రం రెండో ముద్రణ పోయింది. రెండో ముద్రణ రాని రచయిత మూడో పుస్తకం రాయడానికి ఏ ధైర్యంతో కూర్చుంటాడు?

మరి పుస్తకం అరువిచ్చినా రచయితకి పైసా రాదు కదా, తేడా ఏముంది అని నువ్వు తప్పకుండా అడుగుతావు. మంచి ప్రశ్నే. అరువిచ్చే పుస్తకం ఎవరో ఒకరు కొన్నది. అది ఒకసారికి ఒకరి చేతిలోనే ఉంటుంది, నీ దగ్గర ఆ మేరకు ఖాళీ ఏర్పడుతుంది. పుచ్చుకున్నవాడికి తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుంది కాబట్టి చదవాలన్న తొందర ఉంటుంది, ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాల్సి వస్తుంది. నచ్చితే తనకంటూ ఒకటి కొంటాడు, పెళ్లికో పుట్టినరోజుకో ఇంకొకరికి ఇస్తాడు. వారపత్రికల సీరియళ్ల కాలంలో ఆడవాళ్లు వారం వారం ఆ కాగితాలు చింపి, కుట్టి, అట్టవేసి ఇరుగుపొరుగుకి ఇచ్చుకున్నారు. వీధి చివర అద్దె పుస్తకాల షాపుల్లో యద్దనపూడి నవలలు అట్టలు ఊడేదాకా తిరిగాయి. దానివల్ల పత్రికలు చచ్చిపోలేదు. కొనేవాళ్లు పెరిగారు, రాసేవాళ్లూ పెరిగారు. చేతులు మారిన పుస్తకం చదువరులను పుట్టిస్తుంది. ఫార్వర్డ్ అయిన ఫైలుకు ఆ గుణం ఉన్నట్టు నేనింతవరకు చూడలేదు. అయితే ఒక్క విషయంలో నీతో నాకు పేచీ లేదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో పోయారు. వాళ్ల రచనలు ఇప్పుడు అందరి సొత్తు, ఎంతమందికి పంపినా పుణ్యమే. అచ్చులో లేక, దొరక్క, చెదలు పట్టిపోతున్నవాటిని స్కాన్ చేసి కాపాడినవాళ్లకి భాష రుణపడి ఉంది. చలం పోయింది 1979లో, కొడవటిగంటి కుటుంబరావుగారు 1980లో. వాళ్ల హక్కులు ఇంకా ఉన్నాయి. బతికున్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చూశావా, రెండు పేరాలు దీనికే అయిపోయాయి. ఇంకా ఉంది చెప్పడానికి, కానీ నువ్వు ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి చదువుతుంటావు. వేళకు తింటున్నావా? అక్కడి నీళ్లు పడుతున్నాయా?

తిరిగి రాని పుస్తకాల గురించి. బాధ ఉంటుంది, కాదనను. అన్ని పుస్తకాలనూ ఒకే గాటన కట్టకపోతే సగం బాధ తగ్గుతుంది. మళ్లీ కొనుక్కోగలిగినవి ధారాళంగా ఇవ్వు, పోయినా ఏడాదికి రెండు మూడు పుస్తకాల ఖర్చు, నీ జీతానికి బరువు కాదు. మళ్లీ దొరకనివి, మీ తాతగారి సంతకం ఉన్నవి గడప దాటించకు, అడిగినవాళ్లని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి చదివించు. ఎవరికి ఏది ఎప్పుడు ఇచ్చావో నోటుపుస్తకంలో రాసిపెట్టు. స్నేహంలో లెక్కలేమిటని మొహమాటపడకు. లెక్క లేకపోవడం వల్లే అవతలి వాళ్లు మర్చిపోవడం, నువ్వు అడగలేకపోవడం, చివరికి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేయడం జరుగుతాయి. గ్రంథాలయాలు అంతమంది కొత్తవాళ్లని నమ్మి పుస్తకాలు ఇవ్వగలిగింది రిజిస్టరు ఉండబట్టే.

సినిమా సంగతి ఇంకాస్త లోతైనది. నీకు నచ్చింది అవతలివాళ్లకి నచ్చకపోతే వాళ్లు నిన్నే కాదన్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ అరగంటకి ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ విలువ ఇస్తున్నావు. 1955లో కలకత్తాలో పథేర్ పాంచాలి విడుదలైన మొదటి రోజుల్లో జనం పలచగానే ఉన్నారు. చూసినవాళ్లు చెప్పగా చెప్పగా హాళ్లు నిండాయి. 1980లో మన శంకరాభరణం కూడా ఖాళీ కుర్చీల ముందే మొదలైంది. నడివయసు దాటిన సంగీత విద్వాంసుడు కథానాయకుడు, ఆ పాత్ర వేసింది కన్యాశుల్కంలో రామప్పపంతులుగా రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న జె.వి. సోమయాజులుగారు. సినిమా చూసే సామాన్య జనానికి ఆయన ముఖం కొత్త. వాల్ పోస్టర్లు చేయలేని పని, నువ్వు చూడాల్సిందేనని ఇంటికొచ్చి చెప్పిన మనుషులు చేశారు. ఆ మనుషుల్లో ఒక్కొక్కరికీ ముందు ఒకరిద్దరు పెదవి విరిచే ఉంటారు. వాళ్లు చెప్పడం ఆపేసి ఉంటే ఆ సినిమా వారానికే డబ్బాల్లోకి వెళ్లిపోయేది.

వాళ్లకి అభిరుచి లేదు, మంచివి చూపించి ప్రయోజనం లేదు అనే మాట నీ ఉత్తరంలో పైకి లేకపోయినా వెనక వినిపించింది. కర్ణాటకలో సాగర తాలూకాలో హెగ్గోడు అనే పోకతోటల పల్లె ఉంది. అక్కడ కె.వి. సుబ్బణ్ణ నడిపిన నీనాసం సంస్థ 1973లో ఫిల్మ్ సొసైటీ పెట్టి, బైసికిల్ థీవ్స్, రషోమన్ లాంటి సినిమాలు ఊరివాళ్లకి చూపించింది. ఇటలీ భాష, జపాను భాష తెలియని రైతులు వాటిని చూశారు. చూపించినవాళ్లు ముందు కథ గురించి నాలుగు మాటలు కన్నడంలో చెప్పారు, తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ ప్రింట్లు పంపినవారు పి.కె. నాయర్‌గారు, నువ్వున్న పుణెలోనే 1964లో మొదలైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను దశాబ్దాలపాటు నిలబెట్టిన మనిషి. రైతులకు అర్థం కాదని ఆయన పెట్టెలు దాచుకుని ఉండొచ్చు. దాచుకోలేదు. నువ్వు నీ స్నేహితురాలికి ఆ నాలుగు మాటలు ముందు చెప్పావా? ఆ రోజు ఆమె ఏ అలసటతో ఉందో కనుక్కున్నావా? నిన్ను నిలదీయడానికి అడగడం లేదు, ఈసారి చూసుకుంటావని అడుగుతున్నాను. మనల్ని ఏడిపించినదాన్నే ముందుగా ఇవ్వాలని మనసు లాగుతుంది. అవతలి మనిషి ఇప్పుడు ఎక్కడ ఉందో చూసి ఇవ్వడం వేరే విద్య. ఇరవైఏళ్ల అమ్మాయి బుచ్చిబాబు చివరకు మిగిలేది పక్కన పెట్టేస్తే అది పుస్తకం తప్పూ కాదు, ఆమె తప్పూ కాదు. పదేళ్ల తర్వాత తనే అడగొచ్చు. ఇచ్చిన మూడో రోజే ఎలా ఉందని అడిగి ఊపిరాడకుండా చేయకు.

ఫోన్ చెబుతుందిగా ఏం చూడాలో, మనిషెందుకు అంటారు మీ వయసువాళ్లు. నువ్వు ఇంతకుముందు ఏం చూశావో అది చెప్పగలదు, దానిలాంటిది ఇంకోటి ఇవ్వగలదు. నాన్న పోయిన ఇంట్లో ఏ కథ పట్టుకెళ్లాలో, ఏది ఇప్పుడే ఇవ్వకూడదో తెలియాలంటే ఆ ఇంటి గుమ్మం ఎక్కిన మనిషి కావాలి. మీ వీధిలో నిన్ను తప్ప ఇంకెవరినీ ఆ పని అడగలేని వాళ్లు ఒకరైనా ఉంటారు.

జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక ప్రదర్శన ఉంటుంది. సంక్రాంతికి ఎలాగూ వస్తావు కదా, ఓ వారం ముందుగా సెలవు పెట్టుకుని రా. సినిమా మధ్యలో లేచిపోయిన ఆ అమ్మాయిని కూడా తీసుకురా, తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, మీ పెద్దమ్మ చేతి అరిసెలు తింటుంది. ఇద్దరికీ కొనిపెట్టడానికి డబ్బు పక్కన పెట్టాను. నువ్వు ఈమధ్య చదివినవాటిలో నాకు ఏది నచ్చుతుందనుకుంటున్నావో ఒకటి వెంట తీసుకురా. అక్షరాలు మరీ సన్నగా ఉన్నది మాత్రం వద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న