ఎజైల్ అంటే ఫాస్ట్ అనేనా?

ఫ్రెషర్ల రెజ్యూమెలు దిద్దుతుంటే ఒక వాక్యం పదేపదే ఎదురవుతోంది: ‘ఐ యామ్ ఎజైల్ పర్సన్’. ఎజైల్ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందు ‘యాన్’ ఉండాలి. అది చిన్న దిద్దుబాటే. ‘ఎజైల్ అంటే ఏంటి బాబూ?’ అని అడిగితే మాత్రం, ‘ఫాస్ట్‌గా పనిచేస్తానండీ’ అంటారు. ఇంటర్వ్యూలో దొరికిపోయేది అక్కడే.

కబడ్డీ గుర్తుచేసుకోండి. కూతకు వెళ్లినవాడు అందరికంటే వేగంగా పరిగెత్తేవాడే కానక్కర్లేదు. చీలమండ మీదికి వస్తున్న చేతిని కనిపెట్టి, ఒంటికాలి మీద గిర్రున తిరిగి, పక్కకు జారి గీత అందుకుంటాడు. అదీ ఎజైల్. ఎక్స్‌ప్రెస్ రైలు ఫాస్టే కానీ, ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే పక్కకు తప్పుకోలేదు. మన ‘లాఘవం’ ఈ మాటకు చక్కగా అతుకుతుంది. ఒంటికే కాదు, బుద్ధికీ వాడొచ్చు: ‘ఎజైల్ మైండ్’. నామవాచకం ఎజిలిటీ.

లాటిన్‌లో ‘అగెరె’ అంటే తోలడం, నడిపించడం, చేయడం. దాన్నుంచి ‘అగిలిస్’ పుట్టి, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. యాక్షన్, ఏజెంట్, అజెండా అన్నీ ఆ ఇంటి పిల్లలే. సంస్కృతంలో తోలడమనే అర్థమున్న ‘అజ్’ ధాతువూ దీనికి చుట్టమే. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు దూరపు బంధువు ఎదురైనంత సంబరం కలిగింది నాకు.

ఐటీలోకి ఈ మాట ఎలా వచ్చిందో కూడా తెలిసి ఉండాలి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి ‘ఎజైల్ మ్యానిఫెస్టో’ రాశారు. అంతకుముందు వాళ్ల పద్ధతులను ‘లైట్‌వెయిట్’ అనేవారు. తేలిక అంటే చులకన అనే ధ్వని వస్తుందని ఆ పేరు వాళ్లకు రుచించలేదు. మనకేమో ‘లఘు’ నుంచే లాఘవం వచ్చింది! ముందే వేసుకున్న ప్లాన్‌ను పట్టుకు వేలాడటం కంటే మార్పుకు తగ్గట్టు కదలడం ముఖ్యమన్నది వాళ్లు చెప్పిన నాలుగు విలువల్లో ఒకటి. రెండు వారాల పని విడతలు (స్ప్రింట్లు), 15 నిమిషాల రోజువారీ సమావేశాలు (స్టాండప్‌లు) ఉన్నది ఆ వీలు కోసమే.

అందుకని, ‘మీరు ఎజైలా?’ అని అడిగినప్పుడు వేగం గురించి చెప్పకండి. రివ్యూకు వారం ముందు గైడ్ డేటాబేస్ మార్చమంటే మీ ప్రాజెక్టులో దేన్ని పక్కన పెట్టారో, దేన్ని ముందుకు తెచ్చారో చెప్పండి.