వెయ్యి వాట్ల కాయిల్

కరెంటు పొయ్యికి కాయిల్ చుట్టే మెకానిక్ తీగ జోలికి పోకముందే కాగితం ముక్క తీస్తాడు. ఇంటికొచ్చే వోల్టేజి 230. కావలసిన వేడి వెయ్యి వాట్లు. వెయ్యిని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు, అంటే కాయిల్లో పారాల్సిన కరెంటు. 230ని మళ్ళీ ఆ 4.35తో భాగిస్తే దాదాపు 53 ఓములు, అంటే తీగ పెట్టాల్సిన నిరోధం. వోల్టేజి తోస్తుంది, నిరోధం అడ్డుకుంటుంది, ఆ పెనుగులాటలో పారినంతే కరెంటు. వోల్టేజి సబ్‌స్టేషన్ నుంచి వచ్చేది, అతని చేతిలో లేదు. నిరోధం మాత్రం ఉంది.

తీగ నైక్రోమ్. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంట్ పొందిన మిశ్రలోహం ఇది: నికెల్ 80 పాళ్ళు, క్రోమియం 20. రాగి కంటే నిరోధం అరవై రెట్లు ఎక్కువ. ఎర్రగా కాలినప్పుడు పైన పట్టే ఆక్సైడ్ పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. 26 గేజీ తీగ మందం 0.46 మిల్లీమీటర్లు, మీటరుకు సుమారు 6.7 ఓములు.

వేడెక్కితే నైక్రోమ్ నిరోధం ఐదు శాతం దాకా పెరుగుతుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడు 50 ఓములు దాటితే చాలు. 7.6 మీటర్లు కొలిచి, రెండు కొసలకూ జానెడేసి అదనం వదిలి కత్తిరిస్తాడు.

ఇక చుట్టడం. 5 మిల్లీమీటర్ల ఇనప కడ్డీని చేతి డ్రిల్లుకి బిగించి, తీగ కొసని దానికి మెలిపెడతాడు. కుడిచెయ్యి తిప్పుతుంటే ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ గుడ్డపేలికతో తీగని బిగువుగా పట్టుకుంటాయి. బిగువు సడలిందా, చుట్టు మీద చుట్టు ఎక్కేస్తుంది. దాదాపు 440 చుట్లకి జానెడంత స్ప్రింగు తయారవుతుంది. దాన్ని మూడింతలు సాగదీయాలి. అసలు పనితనం ఇక్కడే. రెండు కొసలూ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే చుట్లు ఒకచోట పలచబడి, మరోచోట గుమిగూడతాయి. గుమిగూడిన చోట వేడి బయటికి పోదు, కాయిల్ అక్కడే తెగుతుంది. అందుకే అతను బెత్తెడు బెత్తెడు చొప్పున, చుట్ల సందు కంటితో చూసుకుంటూ సాగదీస్తాడు.

కొసల అదనపు తీగని మడిచి రెండు పేటలుగా పేనుతాడు. కరెంటు రెండు పేటల్లో సగం సగం పారుతుంది, ఒక్కో పేటలో వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. నట్టు దగ్గర చల్లగా ఉండాలంటే ఇదే ఉపాయం.

కాయిల్ని మట్టి పలక గాడిలో కూర్చి, వాషర్లు వేసి నట్లు బిగిస్తాడు. మల్టీమీటరు పెడితే 51 ఓములు. కాయిల్‌కీ పొయ్యి బాడీకీ మధ్య మాత్రం మీటరు దారి చూపకూడదు. అయినా బాడీకి ఎర్తు వైరు తప్పదు.

స్విచ్ వేస్తే కాయిల్ కాసేపట్లో ఎర్రబడుతుంది. గంట వెలిగితే ఒక యూనిట్.

తెగిన కాయిల్ని ఇంట్లోనే మెలిపెట్టి అతికేవాళ్ళు అయిదో వంతు తీగ కోల్పోతే నిరోధం 42 ఓములకి దిగుతుంది, వేడి 1250 వాట్లకి ఎక్కుతుంది. అలాంటి కాయిల్ ఎన్నాళ్ళో ఆగదు. వోల్టేజి 180కి పడిపోతే, అన్ని కొలతలూ సరిగ్గా ఉన్న కాయిల్ కూడా 612 వాట్లే ఇస్తుంది. అన్నం ఉడకట్లేదని పొయ్యి వెనక్కి తెచ్చినవాళ్ళు రెండు చుట్లు తీసెయ్యమంటారు. అతను ముందు ప్లగ్గు దగ్గర వోల్టేజి చూసి రమ్మంటాడు.