వెంటాడకపోతే కార్ల దొంగలు పెరుగుతారా?

ప్రశ్న: మేం సియాటెల్ దగ్గర బెల్‌వ్యూలో ఉంటాం. పోలీసులు వెంటాడటం మానేశాకే ఇక్కడ కార్ల దొంగతనాలు పెరిగాయంటున్నారు. నిజమేనా?

జవాబు: కొంత నిజం. వాషింగ్టన్ రాష్ట్రం 2021లో తెచ్చిన చట్టం ప్రకారం, హింసాత్మక నేరం, తాగి నడపడం లాంటివైతే తప్ప పోలీసులు బండిని వెంటాడకూడదన్న నియమం ఉండేది. కారు దొంగతనం ఆ జాబితాలో ఉండేది కాదు. సంగతి దొంగలకీ తెలిసింది. సైరన్ మోగినా ఆపకుండా ఉడాయించేవాళ్లు ఎక్కువయ్యారని పోలీసులు మొత్తుకున్నారు. దొంగతనాలూ పెరిగాయి.

అయితే అలాంటి చట్టం లేని రాష్ట్రాల్లోనూ అవే ఏళ్లలో పెరిగాయి. అసలు తాళంచెవి లేకుండా బండి స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ లేని కియా, హ్యుందాయ్ కార్లు ఒక ముఖ్య కారణం. యూఎస్‌బీ కేబుల్‌తో వాటిని ఎలా స్టార్ట్ చేయొచ్చో కుర్రాళ్లు టిక్‌టాక్‌లో చూసి నేర్చేసుకున్నారు.

2024 జూన్‌లో వాషింగ్టన్‌లో వెంటాడటంపై ఆంక్షలు సడలాయి. ఆ ఏడాది దొంగతనాలు తగ్గాయి కూడా. కానీ దేశమంతటా తగ్గాయి కదా, ఘనతంతా చట్టం మార్పుకే కట్టబెట్టలేం. పైగా వెంటాడినప్పుడు చచ్చేది దొంగ ఒక్కడే కాదు, దారిన పోయేవాళ్లూ పోతారు. ఒక కారు కోసం ప్రాణాలు పణంగా పెట్టడం నా మటుకు నాకు నచ్చదు.

మీది తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే కియా లేదా హ్యుందాయ్ పాత కారైతే, డీలర్‌ని అడిగి ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయించుకోండి. ఒక స్టీరింగ్ లాక్ కూడా కొనండి.