బావమరిది అడుగుతున్నది మౌనం కాదు

సమస్య

నేను కాకినాడలో హెడ్ కానిస్టేబుల్‌ని. కిందటేడు ఒక ఊరేగింపు బందోబస్తులో రెండు పార్టీల వాళ్లు రాళ్లు రువ్వుకుంటుంటే మధ్యలో నిలబడ్డాం. ఒక రాయి నా ఎడమ చెవి మీద పడింది. కుట్లు మానాయి గానీ ఆ చెవి ఇక వినపడదన్నారు. విసిరిన కుర్రాణ్ణి నేను చూశాను, స్టేట్‌మెంటులో చెప్పాను కూడా. ఇప్పుడు కేసు సాక్ష్యానికి వస్తోంది. మా బావమరిది ఆ పార్టీ మనిషే. "గుర్తుపట్టలేనని ఒక్క ముక్క అనండి బావా, కుర్రాడు నాశనమైపోతాడు" అని రోజూ ఇంటికొస్తున్నాడు. పెళ్లికెదిగిన పిల్లని పెట్టుకుని మనకెందుకొచ్చిన గొడవంటుంది మా ఆవిడ. ఎలాగూ కేసు ఎత్తేస్తారంటారు తోటివాళ్లు. ఒక యూట్యూబ్ చానెల్ వాళ్లేమో కెమెరా ముందు మాట్లాడమంటున్నారు. అంతా కక్కేయాలనుంది. ఏం చెయ్యమంటారు?

- పేరు వద్దు, కాకినాడ

సలహా

హెడ్డుగారూ, మీ బావమరిది మిమ్మల్ని ఊరుకోమనడం లేదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పమంటున్నాడు. స్టేట్‌మెంటులో ఒకటీ బోనులో ఇంకోటీ చెబితే ప్రభుత్వ న్యాయవాది (పీపీ) గారే మిమ్మల్ని హోస్టైల్ సాక్షి, అంటే ఎదురు తిరిగిన సాక్షి, అంటారు. యూనిఫామ్ వేసుకున్న వాడికి అంతకన్నా తలవంపు ఏముంటుంది?

పైగా ఇది ఇంట్లో కూర్చుని రాజీ చేసుకునే కేసు కాదు. ఒక చెవికి శాశ్వతంగా వినికిడి పోయినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. డ్యూటీలో ఉన్న ఉద్యోగిని అడ్డుకోవడానికి అలా గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 121వ సెక్షన్ కింద ఏడాదికి తగ్గకుండా పదేళ్ల దాకా శిక్ష. చెవి డాక్టరు రిపోర్టు ఫైల్లో ఉందో లేదో ముందు చూసుకోండి. చాలా కేసులు అక్కడే చచ్చిపోతాయి.

ఎత్తేస్తారన్న మాట మీ తోటివాళ్లు ఊరికే అనలేదు. 2016 జనవరి 31న తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. 2023 మే 1న విజయవాడ రైల్వే కోర్టు కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభంతో సహా నిందితులపై కేసు కొట్టేసింది. 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు కాలింది, రాళ్ల దాడిలో పోలీసులకి దెబ్బలు తగిలాయి. మరుసటేడే ఆ కేసులు ఎత్తేస్తామని ప్రభుత్వం చెప్పింది. దెబ్బలు తిన్న కానిస్టేబుళ్లని ఎవరైనా అడిగారా అంటే, అప్పటి చట్టంలో అలా అడిగి తీరాలన్న నిబంధనే లేదు.

ఇప్పుడుంది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 360వ సెక్షన్ ప్రకారం, బాధితుడి మాట వినే అవకాశం ఇవ్వకుండా కేసు ఉపసంహరణకి కోర్టు ఒప్పుకోకూడదు. ఖాకీ వేసుకున్నా బాధితుడు మీరే. నిందితుణ్ణి వదిలేస్తే అదే సంహిత 413వ సెక్షన్ కింద అప్పీలుకి వెళ్లే హక్కూ మీదే. ఈ రెండు సెక్షన్లూ రాసుకుని జేబులో పెట్టుకోండి.

యూట్యూబ్ వద్దు. అనుమతి లేకుండా పోలీసు పత్రికలతో మాట్లాడకూడదని 1966 నాటి చట్టం ఉంది. గాయం మీది, చర్యా మీ మీదే! కక్కాల్సింది ప్రమాణం చేసి, కోర్టులోనే. వాషింగ్టన్‌లో 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద గుంపు పడితే, దెబ్బలు తిన్న పోలీసులు నలుగురు ఆ జూలై 27న చట్టసభ కమిటీ ముందు ప్రమాణం చేసి జరిగింది చెప్పారు. 2025లో ట్రంప్ ఆ దాడి కేసుల్లోని దాదాపు 1500 మందికి క్షమాభిక్ష పెట్టారు. ఆ వాంగ్మూలాలు మాత్రం రికార్డులో అలాగే ఉన్నాయి.

కోపంలో చూడనిది కలపకండి. పక్కనున్న వాడు ఏం విసిరాడో చూడకపోతే చూడలేదనే చెప్పండి. కుర్రాడి వయసు, భవిష్యత్తు జడ్జిగారు చూసుకుంటారు.

మీ ఆవిడ భయాన్ని మాత్రం తీసిపారేయొద్దు. బెదిరింపులుంటే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చని ఆవిడకి చెప్పండి. బావమరిదిని భోజనానికి రమ్మనండి, కేసు మాట మాత్రం గుమ్మం బయటే వదిలి రమ్మనండి. సమన్లు రాగానే స్టేట్‌మెంటు కాపీ మరోసారి చదువుకుని, పీపీ గారిని కలిసి, వాయిదాకి వెళ్లండి.