ద్రోణపుష్పి - తుమ్మి: నామ విచారం

వర్షర్తువులో చేనిగట్ల మీద, బీళ్లలో, బాటల పక్కన తనంత తాను మొలిచే తుమ్మిమొక్క తెలుగువారికి చిరపరిచితం. నలుపలకల కాడ, ఎదురెదురు ఆకులు, కణుపుల వద్ద గుత్తులుగా పూసే చిన్న తెల్లని పూలు దీని గుర్తులు. ఇది తులసి కుటుంబానికి చెందినది. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ల్యూకాస్ ఆస్పెరా అని పేరుపెట్టారు. అందులో మొదటి పదం గ్రీకులో తెలుపును, రెండవది లాటినులో గరుకుదనాన్ని బోధిస్తుంది.

సంస్కృతంలో ద్రోణపుష్పి అనే పేరు పూవు ఆకృతిని బట్టి వచ్చింది. ద్రోణమంటే తొట్టివంటి కొయ్యపాత్ర. తెలుగులోని 'దోనె'ను వైయాకరణులు ద్రోణీ శబ్దభవంగానే గ్రహించారు. భావప్రకాశంలో దీనికి ఫలేపుష్ప అనే పర్యాయం కూడా ఉన్నది.

దేశ్యనామమైన 'తుమ్మి' విషయమే విచారణీయం. ఆకు పసరును ముక్కులో పిండితే తుమ్ములు వస్తాయి కనుక ఈ పేరు వచ్చిందని లోకంలో ఒక వ్యుత్పత్తి వినిపిస్తుంది. వినడానికి ఇంపుగానే ఉన్నా ఇది నిలువదు. ఈ మొక్క తమిళంలో తుంబై, మలయాళంలో తుంబ, కన్నడంలో తుంబె. తమిళ కొంబు, తంబి, నంబు అనే వాటికి తెలుగులో కొమ్ము, తమ్ముడు, నమ్ము ఉన్నట్లే తుంబైకి తుమ్మి సరిగా సరిపోతుంది. క్షుతార్థకమైన తుమ్ము ధాతువు మాత్రం తమిళంలోనూ 'తుమ్ము'గానే ఉన్నది. అక్కడ బకారం లేదు. కనుక ఈ రెండు మాటలకు తెలుగులో కలిగిన పోలిక తరువాతి ధ్వనిపరిణామ ఫలితమే. తుమ్మెదకు తమిళంలో తుంబి అనే రూపం ఉన్నందువల్ల దానితో సంబంధం ఊహించడానికి ధ్వనిరీత్యా అడ్డులేదు గాని, అంతమాత్రాన సంబంధం సిద్ధించదు.

ఈ పూవు గౌరవం పొరుగు భాషలలో ఎక్కువ. తోల్కాప్పియం చెప్పిన పుఱత్తిణైలలో ఒకటి తుంబై. ఎదురెదురుగా నిలిచి పోరే వీరులు ఈ పూలమాల ధరిస్తారు. కేరళలో ఓణం పూలముగ్గుకు తుంబపూవు ముఖ్యం. తెలుగునాట ఇది శివపూజకు వచ్చినా, మనవారు దీనిని కూరగానే ఎక్కువ ఆదరించారు. తెలంగాణలో వినాయకచవితినాడు తుమ్మికూర వండే ఆచారం ఉన్నది.

భావప్రకాశం దీనిని కామల, శోథ, తమకశ్వాస, క్రిమి రోగాలలో చెప్పింది. కామలకు దీని రసాన్ని అంజనంగా వాడడం సంప్రదాయ వైద్యంలో ప్రసిద్ధం. ఇది గ్రంథస్థ విషయమే గాని, వైద్యుడు లేకుండా కంట పిండుకొనవలసినది కాదు.

వైద్య గ్రంథాల పరిష్కర్తలకు అసలు చిక్కు 'తుమ్మాకు' అనే రూపంతో వస్తుంది. తుమ్మి, ఆకు అనే పదాలు కలిసినప్పుడు వ్యాకరణరీత్యా తుమ్మియాకు కావాలి. కాని మామిడాకు వలె వ్యవహారంలో తుమ్మాకు అవుతుంది. ముళ్లచెట్టు అయిన తుమ్మకు ఆకు చేరినా తుమ్మాకే. ఒకటి వానకాలపు గుల్మం, మరొకటి స్తంభక గుణం గల బెరడు, బంక ఇచ్చే వృక్షం. యోగంలో పసరు, నస్యం, అంజనం ఉంటే తుమ్మి అనీ, అతిసారానికి కషాయమో, పుక్కిలింతయో ఉంటే తుమ్మ అనీ సాధారణంగా ఊహించవచ్చు. పూవు రంగు చెబితే సందేహమే లేదు; తుమ్మపూవు పసుపు. ఏ ఆధారమూ దొరకనిచోట తుమ్మాకును తుమ్మియాకుగా దిద్ది అచ్చువేయడం కంటె మూలపాఠాన్ని అట్లే నిలిపి, రెండర్థాలనూ అధస్సూచికలో చూపడం ఉచితం.

ద్రోణపుష్పి అన్నచోట కూడా కొంత జాగ్రత్త అవసరం. ఆ పేరుతో ల్యూకాస్ సెఫలోటిస్ అనే మరొక జాతిని గ్రహించే వైద్యులున్నారు. దాని పూలగుత్తి పెద్దది, బంతివలె గుండ్రనిది. తెలుగులో దానికి పెద్దతుమ్మి అనే పేరున్నది.